నడచి చూచిన నగరము



మన చిలమకూరు, ఎర్రగుంట్ల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతములలో హైదరాబాదుకు బిడ్డను పంపని కుటుంబము నేడు అరుదు. చదువుకని కొందరు, కంపెనీ ఉద్యోగమునకని కొందరు, కట్టడపు పనికని కొందరు పోవుచున్నారు. ఎర్రగుంట్లలో రాత్రి రైలెక్కినవారు తెల్లవారేసరికి కాచిగూడలో దిగుదురు. పండుగకు ఇంటికి వచ్చినప్పుడు, "పట్నం ఎట్లుంది నాయనా?" అని మనము అడుగుదుము. "ఏముందిలే, రూమూ ఆఫీసూ" అని వారు జవాబిచ్చెదరు. ఐదేండ్లు కాపురమున్నవారును ఇదే మాట చెప్పుదురు. వారు నగరములో ఉన్నారు గాని, నగరము వారికి తెలియదు; వారు నగరమునకు తెలియరు.

"అయ్యగారూ, మావోడు అంతమంది జనంలో ఉండాడు, పలకరించేదానికి ఒక్కరూ లేరంట" అని మా సంఘములోని ఒక తల్లి మాతో అన్నది. ఈ మాటలోని వేదన చాలా ఇండ్లలో ఉన్నది. దీనికి మాకు తెలిసిన మందు ఒకటి కలదు. దానికి డబ్బు అక్కరలేదు, రెండు కాళ్లు చాలును. తాను కాపురమున్న నగరమును నడచి చూడవలెను. చుట్టపుచూపుగా వచ్చి ఫొటోలు తీసికొని పోవువానివలె గాక, ఇది నా ఊరు అనుకొని నడవవలెను.

వాక్యములో నగరమును నడచినవారు

యోనా నీనెవె పట్టణములో ఒక దినప్రయాణమంత దూరము నడచెను (యోనా 3:4). దేవుడు ఆ పట్టణమును చూచినప్పుడు దాని గోడలను లెక్కించలేదు. లక్ష ఇరువది వేలకు మించిన మనుష్యులను లెక్కించెను (యోనా 4:11). పౌలు ఏథెన్సులో ఊరక కూర్చొనక సంచరించుచు చూచెను. అట్లు చూచినందుననే తెలియబడని దేవునికి కట్టిన బలిపీఠము అతని కంటబడెను, ప్రసంగమునకు అదే మొదటి మాట ఆయెను (అపొ. 17:23). మన ప్రభువు యెరికోలో నడచిపోవుచు మేడిచెట్టుమీది జక్కయ్యను పేరు పెట్టి పిలిచెను (లూకా 19:5). వేగముగా పోవు వాహనములో కూర్చున్నవానికి చెట్టుమీది మనిషి కనబడునా?

బబులోనుకు చెరపట్టబడిన వారికి యిర్మీయా వ్రాసిన ఉత్తరము మన వలస కుటుంబములు మరల మరల చదువవలసినది. ఇండ్లు కట్టుకొనుడి, తోటలు నాటుడి, ఆ పట్టణ క్షేమము వెదకుడి అని అందులోని సారాంశము (యిర్మీయా 29:5-7). ఊరు ఎట్లున్నదో ఎరుగనివాడు దాని క్షేమము ఏమని వెదకును? ఏమని ప్రార్థించును?

కాచిగూడ నుండి చార్మినారు వరకు

వేదాంత విద్య కొరకు జంటనగరములలో ఉన్న దినములలో మేము తరచుగా నడచిన దారి ఒకటి చెప్పెదము. నాలుగైదు కిలోమీటర్లకు మించదు. మన రాయలసీమవారు రైలు దిగు చోటనే ఇది మొదలగును.

కాచిగూడ స్టేషను 1916లో నిజాము రైల్వేవారు కట్టించినది. మూటలు మోసికొని ఆటోల వైపు పరుగెత్తువారు దాని గుమ్మటములను తలయెత్తి చూడరు. ఒక్క నిమిషము వెనుదిరిగి చూడుడి. అక్కడనుండి బడీచౌడీ, సుల్తాన్ బజారు మీదుగా కోఠి చేరవచ్చును. అక్కడ 1803లో పని ఆరంభమైన బ్రిటిషు రెసిడెన్సీ భవనము ఉన్నది. నిజాము కొలువులో ఆంగ్లేయుల ప్రతినిధిగా ఉన్న జేమ్స్ కిర్క్‌పాట్రిక్ కాలములో అది లేచినది. దొరలుండిన ఆ మేడ తరువాత ఆడపిల్లల కళాశాల ఆయెను. 2022లో మహిళా విశ్వవిద్యాలయమాయెను. కోఠి వీధులలో పాత పుస్తకముల దుకాణములున్నవి. సగము ధరకు పాఠ్యపుస్తకము వెదకు పిల్లవాని ప్రక్కన నిలిచి చూడుడి, వాడు మన ఊరివాడే కావచ్చును.

పుత్లీబౌలి దాటగానే గౌలిగూడ. 1994లో ఇమ్లీబన్‌లో మహాత్మాగాంధీ బస్ స్టేషను వచ్చువరకు నగరపు పెద్ద బస్‌స్టాండు ఇక్కడనే ఉండెను. మన పెద్దలలో చాలామంది చేతిసంచితో మొదట అడుగుపెట్టినది ఇక్కడనే. ఆ పాత రేకుల కట్టడము 2018లో కూలిపోయినది. తండ్రి కుమారునితో కలిసి ఈ దారిన నడచినయెడల, "నేను మొదట దిగింది ఈడనే అబ్బాయా" అని చెప్పవచ్చును. అప్పుడు ఆ వీధి కుమారునికి పరాయి వీధిగా ఉండదు.

మూసీ ఒడ్డున చింతచెట్టు

అఫ్జల్‌గంజ్ చేరినప్పుడు మూసీనది ఎదురగును. 1908 సెప్టెంబరు 28న ఈ నదికి వచ్చిన వరద వేలాది ప్రాణములను బలిగొన్నది. అమ్జద్ హైదరాబాదీ అను ఉర్దూ కవి తన తల్లిని, భార్యను, కుమార్తెను ఆ నీటిలో పోగొట్టుకొని తాను మాత్రము మిగిలెను. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టున్నది. ఆ దినమున దాని కొమ్మలను పట్టుకొని సుమారు 150 మంది ప్రాణము దక్కించుకొనిరని చెప్పుదురు. బస్సులో పోవువారికి అది కనబడదు. నడచి లోపలికి వెళ్లినవారికే కనబడును. దేవుడు మనుష్యులను రక్షించుటకు గొప్ప కోటనే వాడవలెనని లేదు, ఒక చింతకొమ్మ చాలును అని ఆ చెట్టుక్రింద నిలిచినప్పుడు మాకు తోచెను.

ఆ విపత్తు తరువాత నగరము ఏడ్చి ఊరకుండలేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. ఎగువన జలాశయములు కట్టవలెనని ఆయన చేసిన సూచనలవలన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తియైనవి. వరదను ఆపుటకు కట్టినవే నగరమునకు త్రాగునీరు ఇచ్చినవి. పట్టణ క్షేమము వెదకుట అనగా ఇట్టిది.

నదికి ఆవలి ఒడ్డున హైకోర్టు ఎర్రని భవనము కనబడును. 2018 చివరి వరకు మన కడప జిల్లా వ్యాజ్యములు కూడ అక్కడికే వెళ్లెడివి. భూమి తగాదాలకై ఎన్నోమార్లు ఆ మెట్లెక్కిన రైతులు మన గ్రామములలో ఇప్పటికిని ఉన్నారు. 2019 జనవరి 1 నుండి మన రాష్ట్ర హైకోర్టు వేరై అమరావతిలో నడచుచున్నది.

నయాపూల్ వంతెన దాటి, పత్తర్‌గట్టి రాతి దుకాణముల వరుస వెంబడి పోయినచో చార్మినారు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా దానిని కట్టించెను. ప్రక్కనే లాడ్‌బజారులో లక్కగాజులు చేయుదురు. నిప్పుసెగ దగ్గర కూర్చొని, వేడి లక్కమీద అద్దపు ముక్కలు ఒక్కొక్కటిగా అతికించుచుందురు. ఈ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. బేరమాడుటకు ముందు వారి వ్రేళ్లను చూడుడి, బేరము కొంచెము తగ్గును.

సికింద్రాబాదులో మన వారు

మరియొక దినము సికింద్రాబాదు నడువుడి. ఆంగ్ల సైన్యపు దండు కొరకు 1806లో ఏర్పడిన ఊరు అది. 1897లో ప్రారంభమైన గడియారస్తంభము గుర్తుగా పెట్టుకొనినచో దారి తప్పరు. సెయింట్ మేరీస్ కతోలిక దేవాలయము 1850 నాటిది. మారేడుపల్లిలోని సెయింట్ జాన్స్ దేవాలయము 1813 నాటిది, జంటనగరములలో మిక్కిలి పాతవాటిలో ఒకటి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు లండను మిషను విత్తిన మన కడప ప్రాంతపు సంఘములు, మెదకు ప్రాంతపు సంఘములు ఒకే కుటుంబమాయెను. కాబట్టి మన యౌవనస్థుడు ఆ నగరపు మందిరములో అడుగుపెట్టునప్పుడు అతిథి కాడు, ఇంటివాడు.

బేగంపేటలో మరొక ముఖ్యమైన చోటు కలదు. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు అక్కడ ఒక దోమను కోసి, దాని కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను. చలిజ్వరముతో ఎందరినో పోగొట్టుకొనిన మన పల్లెలకు ఆ గది పరాయిదా?

ఒక యౌవనస్థుని సంగతి

పైన చెప్పిన తల్లి కుమారుడు కోఠికి దగ్గరలోనే గది తీసికొని నాలుగేండ్లుండెను. ఒకసారి జ్వరముతో మూడు దినములు తలుపు వేసికొని పడియుండగా అడిగినవారు లేరు. ఆ తరువాత మేము అతనితో, "ప్రతి శనివారము ఉదయము ఒక గంట నడువు. ప్రతి నడకలో ఒక్క మనిషి పేరైనను తెలిసికొని రా" అని చెప్పితిమి. మొదట టీకొట్టువాని పేరు తెలిసెను. తరువాత చెప్పులు కుట్టు వృద్ధుడు, ఆ పిమ్మట మన తాడిపత్రి నుండి వచ్చి కూరగాయలు అమ్ము ఒక అక్క పరిచయమైరి. నాలుగవ నెలలో, ఇంటికి రెండు వీధుల అవతల ఒక చిన్న తెలుగు సంఘము ఆరాధన జరుపుకొనుచున్నదని కనుగొనెను. నాలుగేండ్లుగా అది అక్కడనే ఉన్నది! మరల జ్వరము వచ్చినప్పుడు గంజి తెచ్చినది కూరగాయల అక్క. ఆసుపత్రికి తీసికొనిపోయినది టీకొట్టు మనిషి, అతడు ముస్లిము సోదరుడు. మంచి సమరయుని కథ వ్యాఖ్యానము లేకుండనే అతనికి అర్థమాయెను.

నడచువారికి కొన్ని మాటలు

1. ఉదయము ఆరున్నరకు బయలుదేరుడి. ఎండయు, వాహనముల పొగయు తక్కువగా ఉండును. ఆదివారమైతే ఆరాధన సమయమునకు అడ్డు రాకుండ చూచుకొనుడి.

2. సెల్‌ఫోనులో పటము ఉండవచ్చును గాని, మొదట మనిషిని అడుగుడి. దారి అడుగుట స్నేహమునకు తలుపు. ఉర్దూ రాకపోయినను చిరునవ్వుతో అడిగిన తెలుగునకు జవాబు దొరకును.

3. చాలాచోట్ల నడకదారి దుకాణములతో నిండియుండును. సిగ్నలు వద్దనే రోడ్డు దాటుడి. స్త్రీలు ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లుట మేలు. నీళ్ల సీసా, పాతబడిన మెత్తని చెప్పులు చాలును.

4. ఒకే దారిని పలుమార్లు నడువుడి. మొదటిసారి కట్టడములు కనబడును, పదియవసారి మనుష్యులు కనబడుదురు.

5. నడచుచు ప్రార్థించుడి. ఆసుపత్రి దాటునప్పుడు రోగుల కొరకు, కోర్టు దాటునప్పుడు న్యాయము కొరకు, కాలిబాటమీద నిద్రించువారిని చూచినప్పుడు వారి కొరకు ప్రార్థించుడి. పెదవులు కదలనక్కరలేదు.

తలిదండ్రులకు

పిల్లలను చూడ పోవునప్పుడు కారప్పొడి, చెనిగల ఉండలు మూటగట్టుకొని పోవుదురు, మంచిదే. గదిలో కూర్చొని టీవీ చూచి తిరిగి రావద్దు. "పదరా, నీ ఊరు నాకు చూపించు" అని అడుగుడి. అది వాని ఊరని మీరు ఒప్పుకొనినప్పుడే వాడును ఒప్పుకొనును. నడచునప్పుడు మీ కంటికి మన ఊరును అక్కడ కనబడును. ఏ వంటగది బల్లమీద చూచినను మన కడప నల్లరాయి ఉన్నది. లేచుచున్న గోడలలో మన చిలమకూరు సిమెంటు ఉండవచ్చును. దానిని మోసి గోడ కట్టిన చేతులలో మన పల్లెల చేతులున్నవి. ఆ నగరమును కట్టినవారిలో మనమును ఉన్నాము. ఇక భయమెందుకు?

2011 లెక్కల ప్రకారము హైదరాబాదు నగరపాలక సంస్థ పరిధిలోనే 67 లక్షలకు పైగా జనులున్నారు. నీనెవెలోని లక్ష ఇరువది వేలమంది కొరకు జాలిపడిన దేవుడు వీరి కొరకు జాలిపడడా? ఆయన జాలి నడచుటకు కాళ్లు కావలెను. మీ బిడ్డ కాళ్లు అందుకు పనికివచ్చును. ఈ నెలలో ఫోను చేసినప్పుడు, "తిన్నావా నాయనా?" అని అడిగిన తరువాత, "ఈ వారము ఏ వీధి నడచినావు? ఎవరి పేరు తెలిసికొన్నావు?" అని కూడ అడుగుడి.

ప్రభువు మన బిడ్డల రాకపోకలను కాపాడి, వారు నివసించు పట్టణములకు వారిని దీవెనగా చేయునుగాక. ఆమేన్.