శిలాశాసనం నుండి నౌకాశ్రయం వరకు

చైనా విదేశాంగ నీతి తీరుతెన్నులు తెలియాలంటే శ్రీలంక చరిత్రను పరిశీలించడం మంచిది. కొలంబోలోని జాతీయ ప్రదర్శనశాలలో 1409 నాటి శిలాశాసనం ఒకటి ఉంది. అది 1911లో గాలే పట్టణంలో లభించింది. మింగ్ వంశపు చక్రవర్తి యోంగ్లే పంపగా నౌకాదళాధిపతి జెంగ్ హె దానిని సింహళ ద్వీపానికి తెచ్చాడు. శాసనం చైనా, తమిళ, పారశీక భాషలలో ఉంది. చిత్రమేమంటే మూడింటిలోని పాఠం ఒకటి కాదు. చైనా భాషలో బుద్ధునికి, తమిళంలో విష్ణువుకు, పారశీకంలో అల్లాకు కానుకలు సమర్పించినట్లు చెక్కారు. బంగారం, వెండి, పట్టువస్త్రాలు మొదలైన కానుకల పట్టిక మాత్రం దాదాపు ఒక్కటే! ఎవరి దైవాన్ని వారికి చూపి అందరి మైత్రినీ కోరిన రాజనీతి ఇది. అయితే 1411లో అదే జెంగ్ హె సేన అక్కడి పాలకుడైన అళకేశ్వరుణ్ణి బందీగా పట్టి చైనాకు కొనిపోయింది. సామదానాల వెనుక దండోపాయం పొంచి ఉండడం మన నీతిశాస్త్రకారులకు కొత్త విషయం కాదు.

ఆధునిక కాలంలో ఈ మైత్రి బియ్యంతో బలపడింది. 1952లో సిలోను బియ్యపు కొరతతో సతమతమవుతున్నది. కొరియా యుద్ధకాలమది, చైనాకు రబ్బరు అమ్మరాదని అమెరికా పట్టుబట్టింది. అయినా సిలోను రబ్బరు ఇచ్చి బియ్యం పుచ్చుకొనే ఒప్పందం చేసుకొన్నది. ఆ రెండు దేశాల నడుమ దౌత్య సంబంధాలు 1957లో గాని ఏర్పడలేదు.

ఇక హంబన్‌టోట నౌకాశ్రయం. ఇది నాటి అధ్యక్షుడు మహింద రాజపక్స సొంత జిల్లాలో, ప్రాక్పశ్చిమ నౌకామార్గానికి అతి సమీపంలో ఉంది. చైనా బ్యాంకు ఋణంతో 2008లో పనులు ప్రారంభమై, 2010లో మొదటి దశ పూర్తయింది. ఆశించినన్ని ఓడలు రాలేదు. 2017లో ప్రభుత్వం దానిని సుమారు 112 కోట్ల డాలర్లకు ఒక చైనా సంస్థకు 99 సంవత్సరాల కౌలుకిచ్చింది. అప్పు తీర్చలేక రేవును వదులుకొన్నారని లోకం చెప్పుకొన్నది. విద్యార్థులు ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గమనించాలి. ఆ సొమ్ముతో రేవు ఋణం తీరలేదు. అది విదేశీ మారకద్రవ్య నిల్వలకు చేరింది, ఋణభారం శ్రీలంకపైనే నిలిచింది. 2022 ఏప్రిల్‌లో ఆ దేశం విదేశీ ఋణ చెల్లింపులు నిలిపివేసినప్పుడు కూడా, అప్పులో పెద్ద వాటా చైనాది కాదు, అంతర్జాతీయ బాండ్లు కొన్న మదుపుదారులది. కనుక ‘అప్పుల ఉచ్చు’ అన్న మాటలో సగమే నిజం. పాలకుల దుబారాను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మరి మిగిలిన సగం? 2022 ఆగస్టులో భారతదేశం ఆందోళన వ్యక్తం చేసినా, ఉపగ్రహాల, క్షిపణుల గమనాన్ని పసిగట్టే చైనా నౌక ‘యువాన్ వాంగ్-5’ హంబన్‌టోటకు వచ్చింది. రాకను వాయిదా వేయమని మొదట కోరిన శ్రీలంక, కొద్దిరోజులకే అనుమతించింది. అదే సంవత్సరం ఇంధనం, ఆహారం, మందుల రూపంలోనూ ఋణాల రూపంలోనూ సుమారు 400 కోట్ల డాలర్ల సాయం అందించింది మన దేశమే. ఇరువురినీ నొప్పించలేని శ్రీలంక, విదేశీ పరిశోధన నౌకలేవీ ఒక సంవత్సరం పాటు తన రేవులకు రాకూడదని 2024 జనవరి నుండి నిషేధం విధించింది. ఆ ఉత్తర్వులో ఏ దేశం పేరూ లేదు.