భూగర్భంలోని కణ శోధక యంత్రానికి దూర నియంత్రణ
సెర్న్ సంస్థలో నియంత్రణ సాఫ్ట్‌వేర్ పనితీరు – ఒక పరిశీలన

పదార్థ నిర్మాణంలోని మౌలిక సూత్రాలను పరిశోధించేందుకు ఐరోపా అణు పరిశోధనా సంస్థ సెర్న్, జెనీవా నగర సమీపంలో ఫ్రాన్స్–స్విట్జర్లాండ్ సరిహద్దున 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌ను నిర్మించింది. ఈ సొరంగంపై ఫ్రాన్స్‌లోని సెస్సీ గ్రామం వద్ద, భూమికి సుమారు 100 మీటర్ల లోతున, సీఎంఎస్ అనే భారీ డిటెక్టర్‌ను నెలకొల్పారు. దీని బరువు 14,000 టన్నులు, పొడవు 21 మీటర్లు, వ్యాసం 15 మీటర్లు. 2012 జూలై 4న హిగ్స్ బోసాన్‌ను పోలిన నూతన కణాన్ని కనుగొన్నట్లు ప్రకటించిన రెండు ప్రయోగాలలో ఇది ఒకటి.

ఈ విజయం వెనుక అంతగా వెలుగులోకి రాని వ్యవస్థ ఒకటి ఉంది. డిటెక్టర్‌లోని విద్యుత్ సరఫరాలను, శీతలీకరణను, ఎలక్ట్రానిక్ పరికరాలను దూరం నుంచి నడిపే నియంత్రణ సాఫ్ట్‌వేరే అది.

దూర నియంత్రణ ఆవశ్యకత

కొలైడర్‌లో ప్రోటాన్ పుంజాలు పరిభ్రమిస్తున్న సమయంలో వికిరణం కారణంగా డిటెక్టర్ ఉన్న గుహలోకి ఎవరినీ అనుమతించరు. అంటే ఒక మీటను వేయాలన్నా, ఒక పరికరాన్ని తిరిగి ప్రారంభించాలన్నా, ఉష్ణోగ్రత తెలుసుకోవాలన్నా ఉపరితలంపైనున్న నియంత్రణ గది నుంచే చేయవలసి ఉంటుంది. ప్రయోగం రాత్రింబవళ్లు వారాల తరబడి సాగుతుంది. ఈ కాలంలో లక్షలాది కొలతలను ఎడతెగకుండా గమనించడం మానవ సాధ్యం కాదు.

కొలతలలో కచ్చితత్వం ఎంత అవసరమో ఒక ఉదాహరణ ద్వారా గ్రహించవచ్చు. సీఎంఎస్‌లో ఎలక్ట్రాన్లు, ఫోటాన్ల శక్తిని కొలిచేందుకు 75,848 లెడ్ టంగ్‌స్టేట్ స్ఫటికాలను అమర్చారు. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే ఈ స్ఫటికాలు వెలువరించే కాంతి సుమారు 2 శాతం తగ్గుతుంది. అందువల్ల వీటిని 18 డిగ్రీల సెల్సియస్ వద్ద, మధ్య భాగంలో 0.05 డిగ్రీకి మించిన తేడా లేకుండా ఉంచవలసి ఉంది. ఆ కాంతిని గ్రహించే పరికరాలకు అందించే వోల్టేజి కూడా ఇంతే నిలకడగా ఉండాలి. ఈ నిలకడ లోపిస్తే యంత్రం పనిచేస్తున్నట్లే కనిపిస్తుంది గాని, సేకరించిన సమాచారం విశ్వసనీయతను కోల్పోతుంది.

సాఫ్ట్‌వేర్ నిర్మాణం

కొలైడర్‌పై గల నాలుగు ప్రధాన ప్రయోగాలు వేర్వేరుగా సాఫ్ట్‌వేర్‌ను రూపొందించుకోకుండా, సెర్న్‌తో కలసి ఒక ఉమ్మడి ప్రాజెక్టును చేపట్టాయి. ఆస్ట్రియాకు చెందిన ఈటీఎం సంస్థ రూపొందించిన పీవీఎస్ఎస్ అనే పారిశ్రామిక పర్యవేక్షక సాఫ్ట్‌వేర్‌ను ఇందుకు ప్రాతిపదికగా ఎంచుకున్నాయి. 2007లో ఈ సంస్థను సీమెన్స్ స్వాధీనం చేసుకున్న అనంతరం ఇది విన్‌సీసీ ఓపెన్ ఆర్కిటెక్చర్ అనే పేరును సంతరించుకుంది.

దీనిపై వృక్షాకారంలో అంచెలంచెలుగా నియంత్రణ వ్యవస్థను నిర్మించారు. అడుగున ఒక్కొక్క విద్యుత్ సరఫరా మార్గం, దానిపై ఉప విభాగాలు, అన్నిటికీ పైన మొత్తం డిటెక్టర్ ఉంటాయి. ఆదేశాలు పై నుంచి కిందికి వెళ్తాయి. ‘ఆపివేయబడినది’, ‘సిద్ధంగా ఉన్నది’, ‘పనిచేయుచున్నది’, ‘లోపము’ వంటి స్థితులు కింది నుంచి పైకి చేరతాయి. దీనివల్ల వేలాది మార్గాల స్థితిని ఒక్క ఉద్యోగి ఒకే తెరపై చూడగలుగుతున్నాడు. ఈ పద్ధతికి ఆధారమైన ఎస్ఎంఐ అనే సాఫ్ట్‌వేర్, సెర్న్‌లో అంతకు పూర్వం జరిగిన డెల్ఫీ ప్రయోగం కోసం రూపొందినది.

కొలైడర్ స్థితిని కూడా ఈ వ్యవస్థ గమనిస్తూ ఉంటుంది. పుంజాలను ప్రవేశపెట్టే సమయంలో అవి దారి తప్పితే సున్నితమైన సిలికాన్ పొరలు దెబ్బతినే ప్రమాదం ఉన్నందున, వాటి వోల్టేజిని తగ్గించి లేదా నిలిపి ఉంచుతారు. పుంజాలు నిలకడగా ఉన్నాయన్న సంకేతం అందిన పిదప వోల్టేజి తిరిగి పెంచబడుతుంది. ఈ పనిని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించడం వలన విలువైన సమయం ఆదా కావడమే గాక, మానవ తప్పిదాలకు అవకాశం తగ్గింది.

భద్రతకు ప్రత్యేక ఏర్పాటు

సాఫ్ట్‌వేర్ ఎంత పటిష్ఠమైనదైనా, డిటెక్టర్ రక్షణను కేవలం దానిపైనే వదలివేయలేదు. మంటలు, నీటి లీకేజి, శీతలీకరణ వైఫల్యం వంటి ప్రమాదాలలో విద్యుత్తును తక్షణం నిలిపివేసేందుకు, పారిశ్రామిక నియంత్రికలతో పనిచేసే భద్రతా వ్యవస్థను విడిగా ఏర్పాటు చేశారు. నియంత్రణ కంప్యూటర్లు స్తంభించినా ఇది తన పని తాను చేస్తుంది.

కంప్యూటర్ వలయాల భద్రత కూడా అంతే ముఖ్యం. 2008 సెప్టెంబరులో, కొలైడర్‌లో తొలి పుంజాన్ని ప్రవేశపెట్టిన రోజులలోనే, సీఎంఎస్‌కు చెందిన ఒక కంప్యూటర్‌లోకి బయటి వ్యక్తులు చొరబడి వెబ్ పేజీపై తమ సందేశాన్ని ఉంచారు. పరికరాలకు నష్టం వాటిల్లలేదు. అయినప్పటికీ, దూరం నుంచి నడపగల యంత్రాన్ని అనధికారులు సైతం దూరం నుంచి తాకే ప్రయత్నం చేయగలరన్న హెచ్చరిక అందరికీ అందింది. నియంత్రణ వలయాన్ని బయటి ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచడం, ఎవరు ఏ ఆదేశం ఇవ్వవచ్చునో ముందుగానే నిర్ణయించడం ఇందుకు తగిన జాగ్రత్తలు.

భారతదేశ భాగస్వామ్యం

సీఎంఎస్‌లో అయస్కాంతానికి వెలుపల ఉండే బాహ్య హాడ్రాన్ క్యాలరీమీటర్ నిర్మాణంలో ముంబయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థ కీలక పాత్ర వహించింది. దీనిలోని కాంతి గ్రాహకాలు అయస్కాంత క్షేత్రం వలన ఇబ్బందులకు లోను కాగా, 2013లో మొదలైన దీర్ఘ విరామ కాలంలో వాటి స్థానే సిలికాన్ ఫోటో మల్టిప్లయర్లను అమర్చారు. కొత్త గ్రాహకాలకు వేల వోల్టులకు బదులు వంద లోపు వోల్టులు చాలును గాని, ఉష్ణోగ్రత మార్పులను అవి ఇట్టే గుర్తిస్తాయి. ఫలితంగా నియంత్రణ వ్యవస్థపై బాధ్యత తగ్గలేదు, దాని స్వరూపం మాత్రమే మారింది. 2017 జనవరిలో భారతదేశం సెర్న్‌లో అనుబంధ సభ్యత్వం పొందింది.

విద్యుత్ కేంద్రాలు, నీటి సరఫరా పథకాలు కూడా దూర నియంత్రణ సాఫ్ట్‌వేర్‌పైనే ఆధారపడుతున్నందున, ఉమ్మడి ప్రమాణాలు, అంచెల వారీ అధికారం, సాఫ్ట్‌వేర్‌కు అతీతమైన రక్షణ అనే మూడు సూత్రాలు ప్రయోగశాలలకే గాక ఇటువంటి ప్రజోపయోగ వ్యవస్థలకూ వర్తిస్తాయి.