కుళాయి నీటిలో కుందేలు జాడ

2008 జూన్ నెలలో ఇంగ్లండులోని నార్తాంప్టన్‌షైర్ ప్రాంతంలో సుమారు రెండున్నర లక్షల మందికి ఒక హెచ్చరిక అందింది: కుళాయి నీళ్లు కాచి చల్లార్చి తాగాలి! అవి శుద్ధిచేసి, క్లోరిన్ కలిపిన నీళ్లే. మరి భయమెందుకు?

ఆ నీటిలో క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి కనిపించింది. ఇది ఏకకణజీవి. మన పేగుల్లో చేరి నీళ్ల విరేచనాలు కలిగిస్తుంది. మలంతోబాటు బయటికి వచ్చేటప్పుడు దీని చుట్టూ గట్టి గోడ ఉంటుంది. ఈ రూపాన్ని ఊసిస్టు అంటారు. దాని అడ్డుకొలత మిల్లీమీటరులో సుమారు 200వ వంతు. తాగునీటిలో కలిపే క్లోరిన్ దాన్ని చంపలేదు. కాచితే మాత్రం చస్తుంది.

శుద్ధి కేంద్రంలో వెతగ్గా ఒక తొట్టెలో చచ్చిన కుందేలు దొరికింది. కారణం అదేనా? లేక మనుషుల మురుగా? పశువుల పేడా? సూక్ష్మదర్శినిలో చూసి చెప్పలేం. చాలా రకాల ఊసిస్టులు ఒకేలా గుండ్రంగా ఉంటాయి. అసలు తేడా జన్యువుల్లో ఉంటుంది.

ఆ తేడాను ఎలా కనిపెడతారు? ఊసిస్టులను పగలగొట్టి డి.ఎన్.ఏ. తీస్తారు. అది బహు కొద్దిగా ఉంటుంది కనుక, పి.సి.ఆర్. అనే పద్ధతిలో కావలసిన జన్యుభాగానికి లక్షలాది నకళ్లు తయారుచేస్తారు. అందులో ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాలు ఏ వరుసలో ఉన్నాయో చదువుతారు. రకాన్ని బట్టి ఆ వరుస మారుతుంది.

కుందేలు పేగులోనిదీ, నీటిలోనిదీ, 20 మందికి పైగా రోగుల మలంలోనిదీ పోల్చి చూశారు. మూడూ ఒకటే: కుందేలు రకం!

1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఇదే వ్యాధి సుమారు 4 లక్షల మందిని పీడించింది. మొదట పశువుల మీద అనుమానం పడింది. తర్వాత కొందరు రోగుల నమూనాలలోని జన్యువులను పరీక్షిస్తే, మనుషుల్లో వ్యాపించే రకమని తేలింది.

ఈ తేడా తెలిస్తే ఏం లాభం? పశువులు కారణమైతే చెరువు దగ్గరికి మందలు రాకుండా చూడాలి. మనుషులు కారణమైతే మురుగు కలవకుండా ఆపాలి. కుందేలు కారణమైతే తొట్టెలోకి జంతువులు దూరే దారి మూయాలి. దోషి తెలియకపోతే కట్టుదిట్టం ఒక చోట, ప్రమాదం మరో చోట!

అయితే జన్యుపరీక్ష ఒక్కటే చాలదు. ఎవరు ఏ నీళ్లు తాగారో, ఎప్పుడు జబ్బుపడ్డారో కూడా అడిగి తెలుసుకోవాలి.

మరి మీ బడి నీళ్ల ట్యాంకుకు మూత సరిగ్గా ఉందా? మీ మాస్టారినడిగి తెలుసుకోండి.