సైనిక వ్యాయామశాల: వస్తువు, రూపం

వస్తువు రూపాన్ని నిర్ణయిస్తుందని మనం తరచు అంటూ ఉంటాం. దాన్ని కవిత్వంలో చూపించబోతే చర్చ అభిరుచుల తగాదాగా మారిపోతుంది. అందుకని నేనొక కట్టడాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. అది ఇంగ్లండులోని ఆల్డర్‌షాట్ సైనిక స్థావరంలో 1894లో కట్టిన ఫాక్స్ వ్యాయామశాల. సైనిక వ్యాయామశాలల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన కర్నల్ ఫాక్స్ పేరే దానికి పెట్టారు.

ఇలాంటి శాలల అవసరం ఎక్కడ పుట్టింది? క్రిమియన్ యుద్ధంలో బ్రిటిష్ సైనికులు తూటాలకంటె జబ్బులతోనే ఎక్కువమంది చనిపోయారు. సిడ్నీ హెర్బర్ట్ అధ్యక్షతన 1857లో ఏర్పడ్డ రాయల్ కమిషన్ మరొక చేదు నిజం బయటపెట్టింది. యుద్ధం లేనప్పుడు, సొంత దేశపు బారకుల్లో కూడా, సైనికులు అదే వయసు పౌరులకంటె దాదాపు రెట్టింపు సంఖ్యలో చనిపోతున్నారు. పైగా 1857 తిరుగుబాటు తర్వాత మన దేశంలో తెల్ల సైనికుల సంఖ్య పెంచవలసి వచ్చింది. బీదవాడి ఒంటిమీద పాలకవర్గానికి శ్రద్ధ కలిగింది అప్పుడే.

1860లో మేజర్ హామర్స్‌లీ పన్నెండుమంది సార్జెంట్లను, కార్పొరల్‌లను వెంటబెట్టుకుని ఆక్స్‌ఫర్డ్‌లోని ఆర్చిబాల్డ్ మాక్లారెన్ దగ్గర శిక్షణకు వెళ్లాడు. మాక్లారెన్ వాళ్ల ఛాతీ, చేతులు, బరువు కొలిచి రాసుకున్నాడు. నెలలు గడిచేసరికి ఛాతీలు ఎంత విచ్చుకున్నాయంటే, పాత యూనిఫారాలు పట్టక కొత్తవి కుట్టించవలసి వచ్చిందట! ఆ పన్నెండుమందే సైనిక వ్యాయామ శిక్షకదళానికి మూలపురుషులు.

ఇక కట్టడం చూద్దాం. ఎక్కే తాళ్లూ గెడలూ వేలాడాలి గనుక కప్పు ఎత్తుగా ఉండాలి. జట్లు జట్లుగా కదలాలి గనుక నడుమ స్తంభాలు ఉండకూడదు. కింది గోడలు నిచ్చెనలకు, కడ్డీలకు కావాలి గనుక కిటికీలు పైకి పోవాలి. చెడుగాలే రోగానికి మూలమని నమ్మిన కాలమది. బారకుల్లో మనిషికి 600 ఘనపుటడుగుల చోటుండాలని సంస్కర్తలు లెక్కగట్టారు. ఒళ్లు చెమటపట్టే శాలకు గాలీ వెలుతురూ మరీ ముఖ్యం. ఇంకొకటి: అందరినీ ఒక్కచోటి నుంచి ఒక్క చూపుతో పరికించే వీలు శిక్షకుడికి ఉండాలి. ఆ విశాలతలో ఆరోగ్యమూ ఉంది, ఆజ్ఞా ఉంది.

ఇంతవరకూ మన సూత్రం చక్కగా సరిపోయింది. కాని కథ ఇక్కడితో అయిపోలేదు.

సార్జెంట్లు రావడానికి నాలుగైదేళ్ల ముందే మాక్లారెన్ కత్తిసాము శాలకు ఇద్దరు విద్యార్థులు వచ్చేవారు. ఒకరు చిత్రకారుడు బర్న్-జోన్స్, రెండవవారు విలియం మారిస్. ఈ మారిసే 1883లో సోషలిస్టు ఉద్యమంలో చేరాడు. 1887 నవంబరు 13న ట్రఫాల్గర్ స్క్వేరుకు సాగిన ప్రదర్శనలో నడిచాడు. ఆనాడు జనాన్ని పోలీసులు లాఠీలతో చితకబాదారు. వారికి అండగా గార్డ్స్ సైనికులను దింపారు. మాక్లారెన్ పద్ధతి అప్పటికే సైన్యంలో పాతుకుపోయింది. అంటే ఒక గురువు విద్య ఆ చౌకులో రెండువైపులా నిలబడింది. మారిస్ ఆ రోజును మరిచిపోలేదు. 1890లో ‘న్యూస్ ఫ్రమ్ నోవేర్’లో మళ్లీ దాని దగ్గరికే వచ్చాడు.

కాబట్టి నేననేదిది. రూపాన్ని పుట్టించేది అవసరమే. ఆ అవసరం చాలాసార్లు పాలకవర్గానిదే. అయినా పుట్టిన రూపం వాళ్లకే కట్టుబడి ఉండదు. శిల్పసాధనను బూర్జువా విలాసమని పక్కకు నెట్టే మిత్రులు ఈ సంగతి ఆలోచించాలి. సాము నేర్వకుండా గోదాలో దిగినవాడి నిజాయితీని ఎవరూ శంకించరు. కాని గెలుపు ఎదుటివాడిదే అవుతుంది. గరిడీ ఎవరు కట్టించారన్నది తెలుసుకోవలసిందే. అక్కడ పెరిగిన కండ రేపు ఎవరి పక్షాన నిలబడుతుందన్నది అంతకంటె పెద్ద ప్రశ్న.