ఇరువదియొక్క అంకెల సంఖ్య

ఒకటికంటె పెద్దదై, ఒకటిచేతను, తనచేతను మాత్రమే నిశ్శేషముగా భాగింపబడు సంఖ్యకు ప్రధాన సంఖ్య యని పేరు. 3, 7, 31 అట్టివి. ఈ మూడింటికిని ఒక పోలిక కలదు. రెండు రెండ్ల లబ్ధము 4. అందుండి 1 తీసివేసిన 3 వచ్చును. అట్లే మూడు రెండ్ల లబ్ధమునుండి 7, ఐదు రెండ్ల లబ్ధమునుండి 31 వచ్చును. 2, 3, 5 కూడ ప్రధాన సంఖ్యలే. కావున ఏ ప్రధాన సంఖ్యను గైకొన్నను ఇట్లే జరుగునని తోచవచ్చును. కాని పదునొకండు రెండ్ల లబ్ధమునుండి ఒకటి తీసివేయగా వచ్చు 2047 ప్రధాన సంఖ్య కాదు. అది 23, 89ల లబ్ధము.

అట్లయిన ఈ పోలిక ఎచ్చట నిలుచును, ఎచ్చట తప్పును? ఫ్రాన్సు దేశీయుడగు మెర్సెన్ అను క్రైస్తవ సన్యాసి 1644లో ప్రకటించిన గ్రంథమున, ఇది నిలుచునవి యని కొన్ని సంఖ్యలను పేర్కొనెను. వానిలో 67 ఒకటి. అరువదియేడు రెండ్లను గుణించి ఒకటి తీసివేసిన 147573952589676412927 వచ్చును. ఇరువదియొక్క అంకెలుగల ఆ సంఖ్యను పరీక్షించుట దుష్కరము. చెప్పినవాడా గొప్ప పండితుడు. అందుచేత ఆ మాట రెండువందల యేండ్లకు పైగా నిలిచియుండెను.

1876లో ఫ్రెంచి గణితవేత్త లూకా ఈ సంఖ్య ప్రధానము కాదని నిరూపించెను. ఐనను దాని కారణాంకములు తెలియరాలేదు. పొగను చూచి నిప్పు కలదని గ్రహించియు, నిప్పున్న చోటు కానలేనట్లాయెను.

అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడగు ఫ్రాంక్ నెల్సన్ కోల్ ఆ కారణాంకములను వెదకుటకు పూనుకొనెను. ఈ సంఖ్యను భాగించు ప్రధాన సంఖ్య ఏదైనను, దానిని 134చే భాగించిన శేషము 1 రావలెనని గణితశాస్త్ర నియమము. ఇట్టి శేషము వచ్చు సంఖ్యలే, చిన్న కారణాంకమును చేరులోపల పదునాలుగు లక్షలకు పైగా కలవు. నేటివంటి గణనయంత్రములు లేని ఆ దినములలో అది ఎంతటి శ్రమయో ఊహింపవచ్చును.

1903 అక్టోబరులో న్యూయార్కు నగరమున గణితవేత్తల సభ జరిగెను. కోల్ ఒక్క మాటయు పలుకక నల్లబల్లపై ఒక ప్రక్క అరువదియేడు రెండ్ల లబ్ధము కట్టి ఒకటి తీసివేసెననియు, మరియొక ప్రక్క 193707721ని 761838257287చే గుణించెననియు చెప్పుదురు. రెండు ఫలితములును ఒక్కటే! సభ కరతాళధ్వనులతో మారుమ్రోగెనట. ఇందుకు మూడేండ్ల ఆదివారములు పట్టినవని ఆయన పిదప చెప్పినట్లు ప్రతీతి.

కారణాంకములను వెదకుట కష్టము. దొరకినవానిని గుణించి సరిచూచుట సులభము. నేడు బ్యాంకుల వ్యవహారములను కాపాడు రహస్య సంకేతములలో కొన్ని ఈ భేదముపైననే ఆధారపడియున్నవి.

ఈ పొరపాటువలన మెర్సెన్ కీర్తి తగ్గలేదు. ఈ తీరు ప్రధాన సంఖ్యలను నేటికిని ఆయన పేరుతోడనే పిలుచుచున్నారు. కాని గణితమున ఎంతటి పెద్దల మాటకైనను లెక్కయే సాక్ష్యము. సందేహము గల విద్యార్థి కాగితముపై ఆ రెండు సంఖ్యలను తానే గుణించి చూచుకొనవచ్చును.