ఆక్యుపంక్చర్: సూది దిగేముందు, దిగాక

ఏళ్ల తరబడి నడుము నొప్పితోనో, మోకాళ్ల నొప్పితోనో బాధపడేవాళ్లకు ఎవరో ఒకరు ఆక్యుపంక్చర్ పేరు చెబుతారు. నొప్పి మాత్రలు ఎక్కువ కాలం మింగితే కడుపులో పుండ్లు పడవచ్చు, కిడ్నీలు దెబ్బతినవచ్చు. కాబట్టి మందుల్లేని మార్గం ఏదైనా ఉందా అని వెతకడం సహజం. అయితే సూదుల వైద్యం అనగానే కొందరికి భయం, కొందరికి అతి నమ్మకం. లోపల ఏం జరుగుతుందో ముందే తెలిస్తే రెండూ కాస్త తగ్గుతాయి.

సిద్ధాంతం ఏమిటి?

ఇది చైనా సంప్రదాయ వైద్యంలో ఒక భాగం. దాని మూలగ్రంథం ‘హువాంగ్‌డీ నెయ్‌జింగ్’ సుమారు రెండు వేల ఏళ్ల నాటిది. శరీరంలో ‘చి’ (ప్రాణశక్తి) కొన్ని దారుల్లో నిరంతరం ప్రవహిస్తుందని, అది ఎక్కడైనా అడ్డుపడితే నొప్పి, జబ్బు వస్తాయని ఆ వైద్యం చెబుతుంది. ఈ దారులను మెరిడియన్లు (శక్తి నాళాలు) అంటారు. ముఖ్యమైనవి 12. వీటి మీద, శరీరం మధ్యరేఖ వెంట ఉండే మరో రెండు దారుల మీద కలిపి 361 బిందువులను ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రామాణికంగా నమోదు చేసింది. సరైన బిందువులో సూది గుచ్చితే ప్రవాహం చక్కబడుతుందన్నది సిద్ధాంతం.

శరీరాన్ని కోసి చూస్తే ఈ దారులు కనిపించవు. అవి నరాలూ కావు, రక్తనాళాలూ కావు. వైద్యులు అనుభవంతో గీసుకున్న పటంగా వాటిని అర్థం చేసుకోవచ్చు.

ఈ రోజు మనం చూసే ఆక్యుపంక్చర్ అచ్చంగా ప్రాచీనమైనది కూడా కాదు. చైనాలోనే దీని స్థానం పలుమార్లు మారింది. 1822లో దావోగ్వాంగ్ చక్రవర్తి రాజవైద్య సంస్థలో దీన్ని నిషేధించాడు. 1930లలో చెంగ్ దానాన్ అనే వైద్యుడు ఆధునిక శరీర శాస్త్రాన్ని కలుపుకుని, సన్నని సూదులతో దీనికి కొత్త రూపం ఇచ్చాడు. మన దేశానికి దీన్ని తెచ్చినవారు డాక్టర్ బిజయ్ కుమార్ బసు. 1938లో డాక్టర్ కోట్నీస్‌తో పాటు చైనా వెళ్లిన భారత వైద్య బృందంలో ఆయనా ఒకరు. 1950ల చివర ఆయన మళ్లీ వెళ్లి ఈ విద్య నేర్చుకుని, కోల్‌కతాలో చికిత్స మొదలుపెట్టారు.

మొదటి రోజు

మొదటిసారి వెళ్లినప్పుడు సూదుల కంటే ప్రశ్నలే ఎక్కువ. నిద్ర ఎలా పడుతోంది, చెమట ఎప్పుడు పడుతుంది, వేడి తట్టుకోలేరా చలి తట్టుకోలేరా, విరేచనం ఎలా అవుతోంది, ఆడవాళ్లయితే నెలసరి సక్రమంగా ఉందా అని అడుగుతారు. మోకాలి నొప్పికి వచ్చిన మనిషికి ఇవి అనవసరమనిపించవచ్చు. కానీ చైనా వైద్యుడు వెతికేది జబ్బు పేరు కోసం కాదు, మొత్తం లక్షణాల పొందిక కోసం.

తర్వాత నాలుక చాపమంటారు. దాని రంగు, అంచుల మీద పంటి గాట్లు, పైన పేరుకున్న పాచి చూస్తారు. అందుకే ఆ రోజు నాలుక గీసుకోకుండా వెళ్లడం మంచిది. ఆపైన నాడి. మణికట్టు మీద మూడు వేళ్లు పక్కపక్కనే ఆనించి, ముందు తేలిగ్గా, తర్వాత గట్టిగా అదిమి చూస్తారు. రెండు చేతులకూ అలాగే. నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందన్నదే కాదు, నాడి తీగలా బిగుతుగా ఉందా, జారుతున్నట్టుందా అన్నదీ వాళ్లకు ముఖ్యం.

ఇదంతా అయ్యాక ‘మీ కిడ్నీ చి తగ్గింది’ అనవచ్చు. కంగారు పడనక్కర్లేదు. ఇక్కడ కిడ్నీ అంటే ఆ వైద్యం ఊహించిన ఒక శక్తి వ్యవస్థ. మీ కిడ్నీ పాడైందని అర్థం కాదు. అలాగే ‘కిడ్నీ చి బాగుంది’ అన్నంత మాత్రాన క్రియాటినిన్ పరీక్ష మానేయకూడదు.

సూది గుచ్చేటప్పుడు

ఆక్యుపంక్చర్ సూదికి లోపల రంధ్రం ఉండదు. మందం సుమారు 0.25 మిల్లీమీటర్లు. ఇంజక్షన్ సూది దీనికి రెట్టింపు, ఆపైన ఉంటుంది. కాబట్టి గుచ్చినప్పుడు చిన్న చురుక్కు తప్ప పెద్దగా తెలియదు.

నొప్పి ఉన్నచోటే గుచ్చాలనేం లేదు. తలనొప్పికి చేతిలో, నడుముకు మోకాలి వెనక గుచ్చడం మామూలే. బిందువును వెతకడానికి కొలత రోగి వేళ్లే. ఉదాహరణకు మోకాలి చిప్ప కింద రోగి నాలుగు వేళ్ల వెడల్పు కొలిచి, అక్కడి నుంచి ముందు ఎముక అంచుకు బయటివైపు ఒక వేలు వెడల్పు జరిపితే ‘జూసన్‌లీ’ దొరుకుతుంది. జీర్ణశక్తికి, నీరసానికి ఎక్కువగా వాడే బిందువు ఇది.

సూది దిగాక దాన్ని అటూ ఇటూ తిప్పుతారు. అప్పుడు లోతుగా సలుపు, బరువు, తిమ్మిరి, లాగినట్టు ఉండడం ఏదో ఒకటి తెలుస్తుంది. దీన్ని ‘దే చి’ (చి అందడం) అంటారు. సంప్రదాయ వైద్యులు దీనికోసమే చూస్తారు. అది మామూలే. కానీ కరెంటు కొట్టినట్టు జిల్లుమన్నా, మంటగా పొడిచినట్టున్నా వెంటనే చెప్పాలి.

ఆ తర్వాత 20 నుంచి 30 నిమిషాలు కదలకుండా పడుకోవాలి. చాలామందికి నిద్ర పడుతుంది. కొందరు సూదులకు వైర్లు తగిలించి స్వల్ప విద్యుత్తు పంపుతారు. ఇంకొందరు ‘మోక్సా’ వాడతారు. అంటే ఎండబెట్టి నలిపిన ఆకును చుట్టలా చేసి, వెలిగించి, చర్మానికి దగ్గరగా పట్టి వేడి చూపడం. ఆ ఆకు మనం వినాయక చవితి పత్రిలో వాడే మాచిపత్రి జాతిదే. గాజు కప్పులు అతికించే ‘కప్పింగ్’ కూడా చేయవచ్చు. దానివల్ల వీపు మీద గుండ్రని నల్లటి మచ్చలు పడి, కొన్ని రోజులు ఉంటాయి.

ఒక్కసారితో అయిపోదు. చైనా ఆసుపత్రుల్లో రోజూ లేదా రోజు విడిచి రోజు, పది సార్లు ఒక విడతగా చేయడం రివాజు. బయటి దేశాల్లో వారానికి ఒకటి రెండు సార్లే చేస్తారు.

నిజంగా తగ్గుతుందా?

జర్మనీలో 1,162 మంది నడుము నొప్పి రోగులతో జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. ఒక బృందానికి సంప్రదాయ పద్ధతిలో సూదులు గుచ్చారు. రెండో బృందానికి నకిలీ చికిత్స, అంటే బిందువులు కానిచోట పైపైన గుచ్చారు. మూడో బృందానికి మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామం. ఆరు నెలల తర్వాత చూస్తే మొదటి బృందంలో 47.6 శాతం మందికి చెప్పుకోదగ్గ గుణం కనిపించింది. నకిలీ సూదుల బృందంలో 44.2 శాతం, మందుల బృందంలో 27.4 శాతం మందికి కనిపించింది.

ఈ అంకెలు రెండు విషయాలు చెబుతాయి. సూదులు వేయించుకున్నవాళ్లకు మామూలు చికిత్స కంటే ఎక్కువ ఊరట దక్కింది. కానీ సూది ఎక్కడ గుచ్చారన్నదానితో పెద్ద తేడా రాలేదు. అంటే గుణం వచ్చింది మెరిడియన్ల వల్లే అనడానికి ఇక్కడ ఆధారం లేదు.

మరి ఎందుకు తగ్గుతుంది? చర్మాన్ని, కండరాన్ని గుచ్చితే నరాలు స్పందిస్తాయి. మెదడు ఎండార్ఫిన్లు (శరీరం తానే తయారుచేసుకునే నొప్పి నివారకాలు) విడుదల చేస్తుంది. తగ్గుతుందన్న ఆశ, అరగంట విశ్రాంతి, మన మాట ఓపిగ్గా వినే మనిషి కూడా నొప్పిని తగ్గిస్తాయి. ఇందులో ఏ పాలు ఎంతన్నది శాస్త్రవేత్తల మధ్య ఇంకా చర్చలోనే ఉంది.

నడుము, మెడ, మోకాలి నొప్పులు, తరచూ వచ్చే తలనొప్పి, ఆపరేషన్ తర్వాతి వాంతులు: ఆధారాలు కాస్త బలంగా ఉన్నది వీటికే. షుగర్, క్యాన్సర్, పక్షవాతం నయం చేస్తామని ఎవరైనా అంటే నమ్మవద్దు. నడుము నొప్పితో పాటు మూత్రం మీద అదుపు తప్పినా, కాళ్లు చచ్చుబడినా ముందు ఆసుపత్రికే వెళ్లాలి.

జాగ్రత్తలు

జర్మనీలోనే 2 లక్షల 29 వేల మంది రోగులను పరిశీలిస్తే 8.6 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది కలిగింది. ఎక్కువగా చిన్నపాటి రక్తస్రావం, చర్మం కమిలిపోవడం. ఛాతీలో సూది లోతుగా దిగి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన ఘటనలు రెండు. అరుదే, కానీ చేసే మనిషికి శిక్షణ ఎందుకు ఉండాలో ఇది చెబుతుంది.

ఖాళీ కడుపుతో వెళ్లకండి, కళ్లు తిరగవచ్చు. రక్తం పలచబరిచే మందులు వాడుతున్నా, గర్భవతులైనా, పేస్‌మేకర్ ఉన్నా ముందే చెప్పండి. సూదుల ప్యాకెట్ మీ ఎదుటే విప్పాలి, వాడాక పారేయాలి. వాడుతున్న మందులను సొంతంగా ఆపవద్దు.

ఎప్పుడు ఆపాలో కూడా మొదటి రోజే మాట్లాడుకోవాలి. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ 2020 నుంచి దీర్ఘకాలిక నడుము నొప్పికి 90 రోజుల్లో 12 సార్లకు డబ్బు చెల్లిస్తోంది. గుణం కనిపిస్తేనే మరో 8 సార్లు. లేకపోతే అంతటితో సరి. సొంత డబ్బు పెట్టుకునేవాళ్లకూ ఈ లెక్క పనికొస్తుంది. ఎంతసేపు నడవగలుగుతున్నారో, రాత్రి ఎన్నిసార్లు నొప్పికి మెలకువ వస్తోందో చికిత్సకు ముందే రాసిపెట్టుకోండి. అయిదారు సార్లయ్యాక పోల్చి చూడండి. అంకెలు మారకపోతే డబ్బు వృథా చేసుకోకుండా వేరే దారి చూసుకోవచ్చు.