విమాన సంభాషణలు వినుటకు చేతి రేడియో

గడచిన వేసవి సెలవులలో బోధను ప్రాంతపు విద్యార్థి యొకడు తండ్రితో గూడ నాయొద్దకు వచ్చి, విమానములలోని మాటలు వినుటకు ఏ రేడియో కొనవలెనని యడిగెను. దుబాయిలోని మేనమామ దానిని తెచ్చుటకు సిద్ధముగ నుండెనట. తండ్రి మాత్రము, “సారూ, పైసలు దండుగ గావు గద?” అనెను. గల్ఫు సంపాదనతో గడచు కుటుంబములు మనలో ననేకము గలవు గాన, వారికిచ్చిన ప్రత్యుత్తరమును అందరికొరకు వ్రాయుచున్నాను. యంత్రమెట్టిది, దానివలన నేమి వినబడును, దాని నుంచుకొనుటకు అనుమతి గలదా అను మూడు సంగతులను విచారింపవలెను.

రేడియో తరంగము సెకనునకు పదిలక్షల మారులు కంపించినచో నది యొక మెగాహెర్ట్జు. పైలట్లును, నేలపైనుండి వారిని నడపు నియంత్రణాధికారులును ముఖ్యముగా 118 మొదలు 137 మెగాహెర్ట్జుల నడుమ మాటలాడుదురు. మన యింటి ఎఫ్.ఎమ్. రేడియో 108తో నాగిపోవును. మరియు విమానములవారు వాడునది ఏ.ఎమ్. పద్ధతి, అనగా మాటకు తగినట్లు తరంగబలమును హెచ్చించి తగ్గించుట. ఇద్దరొకేసారి పలికినచో ఎఫ్.ఎమ్.లో బలహీనమగు కంఠము అణగిపోవును. ఏ.ఎమ్.లోనైతే రెండును కలిసి కీచుమని వినబడును గాన, మరియొకరును పిలిచిరని అధికారి గ్రహించును.

కావున చూడవలసిన గుణములు రెండే: 118–137 వ్యాప్తియు, అందు ఏ.ఎమ్.యును. యూనిడెన్ బి.సి.125ఏ.టి. అను చేతి స్కానరులో నీ రెండును గలవు. అది 500 స్థానములను జ్ఞాపకముంచుకొని, వరుసగా వెదకుచు, మాట వినబడినచోట నిలుచును. డిజిటల్ సంకేతములను విప్పు ఖరీదైన స్కానరు ఇందుల కక్కరలేదు. చౌక వాకీటాకీలు చాలవరకు ఎఫ్.ఎమ్.వే గాన విమానపు మాట వానిలో వినబడదు. పైగా అవి ప్రసారము చేయగలవు గాన అపాయకరములు.

ఇక వినబడున దేమి? ఈ తరంగములు ఇంచుమించు తిన్నగా పోవును. భూమి వంపు వానికడ్డము. 35,000 అడుగుల యెత్తున నున్న విమానము దాదాపు 400 కిలోమీటర్ల దూరమునకు వినబడవచ్చును. శంషాబాదు విమానాశ్రయపు గోపురములోని అధికారి కంఠము నిజామాబాదు మేడపైకి రాదు. అయినను పైలటు తనకిచ్చిన ముఖ్యమైన యాజ్ఞను తిరిగి పలుకవలెనను నియమము గలదు. ఆ ప్రత్యుత్తరమునుండి ఆజ్ఞ నూహింపవచ్చును.

మూడవది మిక్కిలి ముఖ్యము. సామాన్య ప్రసారముల రేడియో వేరు, ఇట్టి యంత్రము వేరు. మన దేశమున 1933 నాటి వైర్‌లెస్ చట్టము అనుమతిలేక వైర్‌లెస్ యంత్రము నుంచుకొనుటను నిషేధించెను. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టమును రేడియో పరికరమును కలిగియుండుటకు అధికారపత్రము కావలెనని చెప్పుచున్నది. పరదేశపు అంగడిలో బహిరంగముగా నమ్మినంతమాత్రమున నది యిచ్చట న్యాయసమ్మతము కాదు. అనుమతి లేనిదే తెప్పింపవలదని నేను నిష్కర్షగా చెప్పితిని.

బాలుని మొగము చిన్నబోయెను. అంతట వానికి వేరొక త్రోవ చూపితిని. పండ్రెండేండ్లు నిండినవారు ప్రభుత్వపు పరీక్షలో గెలిచి అమెచ్యూర్ రేడియో అనుమతి పొందవచ్చును. హైదరాబాదులో 1983లో స్థాపింపబడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఈ విద్యకు ప్రసిద్ధము. ఆ అనుమతి విమాన సంభాషణలకు వర్తింపదు. కాని రేడియో మర్మమును నేర్పును, లోకములోని మిత్రులతో మాటలాడనిచ్చును. తండ్రి పైసలు మిగిలెను. బాలుడిప్పుడు ఓమ్ నియమమును వల్లించుచున్నాడు.